పీకల్లోతే

వర్క్‌షాపులో అందరూ అతన్ని బావ అనే పిలుస్తారు. నిజానికి అక్కడ అతను ఒక్కడికే బావ. భార్య తమ్ముడు పనిలో చేరిన మొదటిరోజున "బావా, పెద్ద స్పానర్ ఎక్కడుంది?" అని అరిచాడు. అంతే, సాయంత్రానికల్లా ఓనరుతో సహా అందరి నోటా అదే మాట. వయసులో పెద్దవాడైన ఓనరు కూడా బావా అంటుంటే మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత అలవాటైపోయింది. ఆ బామ్మర్దికీ ఒక పేరు పడింది. మనిషి మరీ పొడుగు. గోడకి చేరగిలబడితే ఎవరో నిచ్చెన ఆనించి మర్చిపోయారనుకుంటారు. అందుకని నిచ్చెన. బావేమో పొట్టి, వెడల్పు భుజాల మనిషి. ఇద్దరూ పక్కపక్కన నడిచి వస్తుంటే నవ్వాపుకోవడం కష్టం.

వాళ్ల పని లిఫ్టులు బాగుచేయడం. పై అంతస్తులో తలుపు తెరిచి, కింద చీకటి గొయ్యి నోరు తెరుచుకుని ఉంటే, దాని మీదికి వంగి పనిచేయాలి. బావ అలాంటిచోట ఈల వేసుకుంటూ పనిచేస్తాడు. అతని ధైర్యం గురించి వర్క్‌షాపులో కథలు కథలుగా చెప్పుకుంటారు. అందులో సగం అతను మొదలుపెట్టినవే అనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి మనిషికి ఒకే ఒక్క భయం. నీళ్లలో కాలు కిందికి దింపినప్పుడు నేల తగలకపోతే పైప్రాణాలు పైనే పోతాయి. ఈత రాక కాదు, భేషుగ్గా వచ్చు. స్పోర్ట్స్ క్లబ్బులో పిల్లలకి నేర్పే నడుంలోతు పూల్ ఒకటుంది. అందులో గంటసేపు ఆగకుండా ఈదుతాడు. ఎప్పుడంటే అప్పుడు నిలబడొచ్చని తెలిస్తే చాలు, అసలు నిలబడడు. నిలబడే వీల్లేదని తెలిస్తే మాత్రం నాలుగు బారలు వేయలేడు. ఈ సంగతి పెళ్లానికి కూడా తెలియనివ్వలేదు.

మరి ఇలాంటివాడు ట్రయథ్లాన్‌కి, అందులోనూ అన్నిటికంటే పొడుగుదానికి, ఎందుకు ఒప్పుకున్నాడంటే నోటి దురుసే కారణం. ఒకరోజు భోజనాల దగ్గర నిచ్చెన ఆ పోటీ గురించి చెప్తున్నాడు. నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువ ఈత, ఒళ్లు ఆరీ ఆరకముందే నూట ఎనభై కిలోమీటర్ల సైకిలు, దిగగానే మారథాన్ పరుగు, అన్నీ ఒకే రోజున. "మనుషులు చేసే పనేనా అది?" అన్నాడు ఓనరు. "ఎందుకు కాదు? వీడితోపాటు నేనూ చేస్తా," అన్నాడు బావ. ఆ మాటలో ఈత కూడా ఉందని చెయ్యి కడుక్కునేటప్పుడు గానీ తట్టలేదు.

ఏ ఊరి పోటీకి వెళ్లాలో తేల్చుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ బావ ఇంట్లో కూర్చున్నారు. బల్ల మీద నిచ్చెన లాప్‌టాప్. పక్కన బావ భార్య, అంటే నిచ్చెన అక్క, బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"మొదటిసారి వెళ్లేవాళ్లం కాబట్టి తేలికైనదే చూసుకోవాలి బావా," అన్నాడు నిచ్చెన. "నీళ్లు నిలకడగా ఉండాలి. సైకిలు దారిలో ఎత్తులు ఉండకూడదు. ఎండ మాడ్చకూడదు. గడువు మరీ బిగించి పెట్టకూడదు. ఇవన్నీ చూసే ఈ సముద్రం పోటీ పట్టుకున్నా. సముద్రమని పేరే గానీ మూడువైపులా కొండలు అడ్డం, అలలుండవు. ఉప్పునీళ్లు కదా, మనిషిని అవే తేలుస్తాయి. పైగా చల్లటి నీళ్లు, రబ్బరు సూటు వేసుకోనిస్తారు. అది వేసుకుంటే మునుగుదామన్నా మునగం."

"లోతెంత ఉంటుంది?" అన్నాడు బావ, అదేదో దారి ఖర్చు అడిగినంత తేలిగ్గా.

"లోతా?" నిచ్చెన నవ్వాడు. "సముద్రం కదా బావా. అయినా లోతుతో మనకేం పని, మనం ఈదేది పైనేగా."

బావ తెర మీద ఇంకోదాన్ని వేలితో చూపించాడు. "మరి ఇదో?"

"అది ఊరి మధ్యలో తవ్వించిన సరస్సు. అదీ మంచిదే. దారంతా బల్లపరుపు. సైకిలూ పరుగూ ఆ సరస్సు చుట్టూనే రౌండ్లు రౌండ్లుగా తిరుగుతాయి. ఇంటివాళ్లు ఒకచోట కుర్చీ వేసుకుంటే ప్రతి రౌండుకీ మనల్ని చూడొచ్చు. కాకపోతే నీళ్లు వెచ్చగా ఉంటాయని సూటు వేసుకోనివ్వరు. నాకైతే సముద్రమే మేలనిపిస్తోంది."

బావ ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. సరస్సు పోటీవాళ్ల ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఎవరో మర్యాదస్తుడు ఎత్తాడు.

"నీళ్లు ఎంత లోతండీ?"

"పీకల్లోతే సార్. ఎక్కడ నిలబడ్డా తల పైనే ఉంటుంది. మొదటిసారి వచ్చేవాళ్లంతా అందుకే మా దగ్గరికి వస్తారు."

బావకి పోయిన ప్రాణం లేచొచ్చింది. లోపలికొచ్చి సరస్సే ఖాయమన్నాడు. నిచ్చెన ముఖం చిన్నబోయింది. "సరే, మీ ఇష్టం," అని లాప్‌టాప్ మూసేసి, కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

తమ్ముడు గుమ్మం దాటగానే భార్య మొదలుపెట్టింది. "వాడు ఆ సముద్రం ఫొటో గదిలో గోడకి అంటించుకుని ఏడాదిగా చూసుకుంటున్నాడు. ఎందుకు కాదన్నారు?"

"రౌండ్లు బాగున్నాయి. నువ్వు కూర్చుని చూడొచ్చని."

"నేను చూడటానికా ఇదంతా? నిజం చెప్పండి."

బావకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అది బయటపడితే రేపటినుంచి ఈవిడ తనని ఎలా చూస్తుందో కళ్లముందు కనపడింది. వెంటనే నోటికి ఇంకోటి దొరికింది.

"నీకు చెప్పకూడదనుకున్నా. వాడికి లోతంటే భయం. పైకి సముద్రం సముద్రం అంటాడు గానీ లోపల హడలిపోతున్నాడు. వాడి కోసమే సరస్సు పెట్టా. నువ్వు మాత్రం వాణ్ని అడగకు, సిగ్గుపడతాడు."

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "వాడికా? చిన్నప్పుడు నీళ్లలోంచి బయటికి లాగలేక మా ప్రాణాలు పోయేవి."

"పెద్దయ్యాక వస్తుంది కొందరికి."

ఆమె నమ్మింది. మొగుడు గొప్పలు చెప్తాడని ఆమెకి తెలుసు, ఇంకొకరి మీద లేనిది చెప్తాడని మాత్రం అనుకోలేదు. ఆ సాయంత్రం "మీరు ఎంత ఆలోచించారండీ వాడి గురించి" అన్నట్టు చూసి, కాఫీ కూడా అడక్కుండానే తెచ్చిచ్చింది. బావ ఆ కాఫీ తాగాడు. చుక్క మిగల్చకుండా తాగాడు.

తమ్ముడి మీద జాలి ఆమె కడుపులో దాగలేదు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఓనరు భార్యకి చెప్పింది. ఒట్టు వేయించుకున్న సంగతులు ఎంత వేగంగా నడుస్తాయో మనకి తెలియనిది కాదు.

వానలు మొదలయ్యాయి. ఒక అపార్టుమెంటులో లిఫ్టు గొయ్యి నిండిపోయిందని కబురొచ్చింది. మోటారు పెట్టి తోడినా అడుగున నీళ్లుంటాయి, ఒకరు దిగాల్సిందే. నిచ్చెన అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు.

"నువ్వు ఆగు," అన్నాడు ఓనరు. "నీకు నీళ్లంటే భయమట కదా."

మూల నుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. ఆపైన అందరూ నవ్వారు.

"నాకా? ఎవరన్నారు?"

"మీ ఇంట్లోవాళ్లే. తప్పేముందిరా, ఎవరి భయాలు వాళ్లకుంటాయి. కాకపోతే కొత్త ఆసుపత్రి బిల్డింగుకి నిన్ను ఇన్‌ఛార్జిగా పెడదామనుకున్నా. కిందికే మూడంతస్తులు, వానొస్తే ప్రతి గొయ్యీ నిండేదే. భయపడేవాణ్ని పంపి రేపు ఏదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు? మీ పోటీకి నేనూ వస్తున్నాగా. నీ ఈత చూశాక మాట్లాడుకుందాం."

నిచ్చెన తల తిప్పి బావ వైపు చూశాడు. బావ స్పానర్ల పెట్టెలో ఏదో తెగ వెతుకుతున్నాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే బావ బతికిపోయేవాడు, కోపానికి కోపం తెచ్చుకోవడం ఎంతసేపు. కోపం లేదు. సంగతి అర్థమైందన్నట్టు మాత్రమే చూసి, నిచ్చెన బూట్లు విప్పేశాడు.

ఒక్క మాట. "వాడికి కాదు, నాకు." అంతే అనాల్సింది. బావ పెట్టెలోంచి ఒక స్పానర్ తీసి, మళ్లీ అందులోనే పడేశాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. తను సిగ్గుపడుతున్నది ఎవరికీ కనపడలేదని ఒకపక్క నిశ్చింతగా కూడా ఉంది. తర్వాత తల్చుకుంటే ఆ నిశ్చింతే ఎక్కువ సిగ్గు అనిపించింది.

సాయంత్రం వ్యానులో ఇంటికొస్తుంటే నిచ్చెన అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ఆరోజు లోతెంత అని అడిగారు కదా బావా."

బావ రేడియో పెట్టాడు. నిచ్చెన మళ్లీ ఆ ఊసెత్తలేదు. అక్కని అడగలేదు, ఓనరుతో వాదించలేదు, వర్క్‌షాపువాడెవడో గొయ్యి దగ్గర చెయ్యి పట్టుకుని "జాగ్రత్త తమ్ముడూ" అని వెక్కిరిస్తే నవ్వి ఊరుకున్నాడు. బావతో కలిసి సైకిలు తొక్కడం, పరుగెత్తడం మాత్రం మానలేదు.

పోటీకి ముందురోజు నంబర్లు ఇచ్చే టెంటుకి వెళ్లారు. బల్ల వెనకున్న మనిషి వీళ్లని చూసి లేచి నిలబడ్డాడు. లేస్తూనే ఉన్నాడు. టెంటు గుడ్డ నెత్తికి తగిలేదాకా లేచాడు. నిచ్చెన కూడా అతనితో మాట్లాడటానికి కాస్త తలెత్తాల్సి వచ్చింది.

"మీరేనా సార్ ఫోన్లో లోతు అడిగింది? గొంతు గుర్తుపట్టా. ఏం భయం లేదు, చెప్పాగా," అని ఆ మనిషి అరచెయ్యి అడ్డంగా పెట్టి తన పీక చూపించాడు. "ఇక్కడిదాకానే."

బావ ఆ పీక వంక చూశాడు. అది తన నెత్తి మీద ఎక్కడో ఉంది. ఇన్నాళ్లూ పీకల్లోతు అని సంబరపడ్డాడే గానీ ఎవరి పీక అని అడగాలని తట్టలేదు. అప్పుడైనా మానేస్తే పోయేది. కానీ అప్పటికే భార్యా, ఓనరూ ఊళ్లోకి దిగారు. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పడం కంటే మునగడమే నయమనిపించింది.

తెల్లవారి విజిలు వేయగానే వందలమంది నీళ్లలో పడ్డారు. బావ ఒడ్డు వెంబడే ఈదాడు. కింద నేలుంది, ఉంది, ఉంది అనుకుంటూ చేతులాడించాడు. చాలాదూరం బాగానే సాగింది. నీళ్ల మీద గుర్తుగా తేలుతున్న పెద్ద ఎర్ర బుడగ దగ్గర అందరూ మలుపు తిరగాలి. అక్కడ ఒడ్డు కాస్త వెనక్కి జరిగింది. మనుషులు గుంపయ్యారు. ఎవరిదో మోచెయ్యి తగిలి కళ్లకి పెట్టుకున్న ఈత అద్దాలు ఊడొచ్చాయి, నోట్లోకి నీళ్లొచ్చాయి. అలవాటు కొద్దీ కాలు కిందికి దింపాడు.

కింద ఏమీ లేదు.

ఇంకాస్త సాచాడు. లేదు. ఊపిరి అందలేదు, చేతులు నీళ్లని కొడుతున్నాయి గానీ ఈదడం లేదు. అంత భేషుగ్గా వచ్చిన ఈతంతా ఎటుపోయిందో పోయింది. అమ్మా అని అరిచాడో, అరిచాననుకున్నాడో తెలీదు.

అప్పుడు ఒక చెయ్యి చంక కింద పడింది. పక్కన నిచ్చెన నిలబడి ఉన్నాడు. నిజంగానే నిలబడి ఉన్నాడు, అడుగు ఆనించి. నీళ్లు అతని పీకదాకా ఉన్నాయి. ఎప్పుడో ముందుకెళ్లిపోవాల్సినవాడు, మొదటినుంచీ బావ వెనకే మెల్లగా ఈదుకుంటూ వస్తున్నాడు.

"పట్టుకో బావా. నా మెడ పట్టుకో. ఊపిరి తీసుకో," అన్నాడు. బావని అతను నువ్వు అనడం అదే మొదలు.

నలభై దాటిన బావ చంటిపిల్లాడిలా బామ్మర్ది మెడకి రెండు చేతులూ వేసి వేలాడాడు. కాపలా పడవ దగ్గరికొచ్చింది. "ఎవరికి ఇబ్బంది?" అని కేకేశాడు అందులోని మనిషి.

"నాకే," అని నిచ్చెన ఒడ్డుదాకా వినపడేలా జవాబిచ్చాడు. "పిక్క పట్టేసింది. మా బావ నాకు తోడుగా ఆగాడు."

ఒడ్డున, ఆ మలుపు ఎదురుగానే, బావ భార్యా ఓనరూ నిలబడి ఉన్నారు.

పడవ మనిషి ఇద్దర్నీ ఒకసారి ఎగాదిగా చూసి, సరేనని వెళ్లాడు. తర్వాత నిచ్చెన పక్కనే ఉన్నాడు. "కాలు దింపాలనిపిస్తే నా భుజం పట్టుకో," అన్నాడు. భుజం ఉందని తెలిశాక బావకి పట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

బట్టలు మార్చుకునే టెంటులో, సాక్సు తొడుక్కుంటూ, బావ తలెత్తకుండా అడిగాడు. "ఎందుకలా అన్నావురా?"

"మీరు ఇంట్లో చెప్పిందే నేనూ చెప్పా," అన్నాడు నిచ్చెన. హెల్మెట్ బిగించుకుని వెళ్లిపోయాడు.

ఇక రౌండ్లు మొదలయ్యాయి. ఇంటివాళ్లు ప్రతి రౌండుకీ చూడొచ్చని నిచ్చెన చెప్పింది నిజమే. మలుపు దగ్గర నీడలో రెండు కుర్చీలు వేసుకుని భార్యా ఓనరూ కూర్చున్నారు. బావ సైకిలు మీద వాళ్లని దాటాడు. ఈ వేగంలో ఆగి ఏం చెప్తాం అనుకున్నాడు. మళ్లీ దాటాడు. మొదటి రౌండులో ఆమె చెయ్యి ఊపింది. తర్వాత ఊపడం మానేసి ఊరికే చూసింది. ఆ మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా బావ తలవంచుకుని గేరు చూసుకున్నాడు. దారి బల్లపరుపుగా ఉంది, గాలి కూడా లేదు, కష్టమని చెప్పుకోవడానికి ఏమీ లేదు. అంత తేలికైన దారిలో అంత బరువుగా తొక్కినవాడు ఇంకోడు ఉండడు.

పరుగులో ఆ సాకు కూడా పోయింది. కుర్చీల పక్కనుంచి నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతో వెళ్తున్నాడు. కావాలంటే ఆగొచ్చు. నోరు తెరవొచ్చు. "నీళ్లు తాగండి బావా," అన్నాడు ఓనరు ఒక రౌండులో. తాగి, గ్లాసిచ్చి, ముందుకెళ్లాడు. వచ్చే రౌండులో చెప్తా అనుకున్నాడు. వచ్చే రౌండులోనూ అలాగే అనుకున్నాడు. నిచ్చెన వెనకనుంచి వచ్చి దాటిపోయాడు, పోతూ వీపు మీద తట్టాడు. ఆ తట్టిన చోటు చాలాసేపు మండింది. ఇన్‌ఛార్జి పని పోతే వాడి నోటి దగ్గర కూడు తను లాక్కున్నట్టే. అది తెలిసి కూడా కాళ్లు ముందుకే పోతున్నాయి గానీ నోరు పెగలడం లేదు.

పొద్దు వాలింది. ఆఖరి రౌండు. ఇది దాటితే మళ్లీ ఈ మలుపు రాదు. కుర్చీల ముందు బావ ఆగిపోయాడు.

"లోతంటే భయం వాడికి కాదు. నాకు. పొద్దున పిక్క ఎవరికీ పట్టలేదు. నేనే మునిగిపోతుంటే వాడు పట్టుకున్నాడు. నీతో అబద్ధం చెప్పా."

భార్య కుర్చీలోంచి లేవలేదు. "తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"పొద్దుట్నుంచి. ఫోనులో వీడియో తీస్తున్నాగా. పిక్క పట్టేసినవాడు స్తంభంలా నిలబడ్డాడు, తోడు ఆగినవాడు వాడి మెడకి వేలాడుతున్నాడు. అది చూసి తెలుసుకోలేకపోవడానికి మేమేం పసిపిల్లలమా?"

ఓనరు చేతిలో గ్లాసు తిప్పుతూ నేల చూశాడు. "ఆసుపత్రి పని వాడిదే. అది పొద్దున్నే అనుకున్నా. అయినా మీరు చెప్తారేమోనని కూర్చున్నాం బావా."

"ప్రతి రౌండుకీ అనుకున్నా," అంది భార్య. "ఈసారి ఆగుతారు, ఈసారి ఆగుతారని."

బావకి ఒక్కో రౌండూ గుర్తొచ్చింది. తను తలవంచుకుని గేరు చూసుకున్న ప్రతిసారీ ఇద్దరూ అంతా తెలిసి చూస్తూ కూర్చున్నారు. నీళ్లలో కూడా అంత ఊపిరాడకుండా పోలేదు.

"వాడేడి?" అన్నాడు చివరికి.

"వాడిది ఎప్పుడో అయిపోయింది. ముగింపు గీత దగ్గరున్నాడు. మీరు చెప్పేదాకా ఇటు రానన్నాడు. వెళ్లండి, గడువు దాటిపోతుంది."

బావ పరుగెత్తాడు. ముగింపు దగ్గర జనం మూగి ఉన్నారు, అందరి తలల పైనా నిచ్చెన తల దూరంనుంచే కనపడింది. గీత దాటాడు. ఎవరో మెడలో పతకం వేశారు. నిచ్చెన జనాన్ని తప్పించుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బావ చూపు అతని ఛాతీ దాటి పైకి పోలేదు.

"చెప్పారా?"

"చెప్పా."

నిచ్చెన తువాలు అందించాడు. బావ ముఖం తుడుచుకున్నాడు, తుడుచుకున్నాక కూడా తువాలు తీయలేదు.

"ఎన్నో రౌండులో బావా?"

"ఆఖరి దాంట్లో," అన్నాడు బావ, తువాల్లోంచే.